ఊ కొట్టేవాడికీ ఓ మాటుంది

2023 జూన్ 16న ‘ఆదిపురుష్’ విడుదలైనప్పుడు ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి తెలుగువాళ్ళు రెండు పడవల మీద కాళ్ళు పెట్టాల్సొచ్చింది. రాముడి వేషం వేసిన ప్రభాస్ మనవాడు. రాముడేమో అక్కడివాళ్ళ మేనల్లుడు.

కౌసల్య దక్షిణ కోసల ఆడపడుచనీ, రాయపూర్ దగ్గరి చంద్‌ఖురి ఆమె పుట్టిల్లనీ ఛత్తీస్‌గఢ్‌లో గట్టి నమ్మకం. అక్కడ కౌసల్యామాతకి గుడి కూడా ఉంది. ఆ లెక్కన రాముడు ఆ రాష్ట్రానికంతటికీ ‘భాంచా’, ఆడపడుచు కొడుకు. మనకి మేనల్లుడంటే పిల్లనిచ్చే వరస. చనువెక్కువ, వేళాకోళం ఇంకా ఎక్కువ. ఛత్తీస్‌గఢీ ఇళ్ళలో మేనల్లుడు ఎంత చిన్నవాడైనా మేనమామే వంగి కాళ్ళకి మొక్కుతాడు. అలాంటి మేనల్లుడి బంటు తెరమీద సందు చివర పోకిరీలా మాట్లాడాడు. తోకకి నిప్పంటించినప్పుడు హనుమంతుడి నోట హిందీలో పెట్టిన మాటలు ఆ వారాంతానికే దేశమంతా తిట్టుకునేలా చేశాయి. అప్పటి ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్ నియోజకవర్గం పాటన్ భిలాయికి పొరుగునే, దుర్గ్ జిల్లాలోనే ఉంది. జనం అడిగితే నిషేధం సంగతి ఆలోచిస్తామన్నారాయన. నిర్మాతలు రోజుల్లోనే మాటలు మార్చారు. జులైలో రచయిత మనోజ్ ముంతషిర్ క్షమాపణ చెప్పారు.

మా బాబాయివాళ్ళది సెక్టార్ 6. రైల్ మిల్లులో పనిచేసి రిటైరయ్యాడు. ఆ ఇంట్లో ఈ సినిమా మీద తండ్రీకొడుకుల వాదన నేను విన్నాను.

“గ్రాఫిక్స్ బాలేవు నాన్నా, అంతే. కథ అదే కదా!”

“కథ అదేరా. మాట అది కాదు.”

“నీ ఎన్టీఆర్ సినిమాల్లో మార్చలేదా మరి?”

“మార్చాడు. బోలెడు మార్చాడు. ఒక్కసారైనా చిన్నమాట పడనిచ్చాడా?”

ఇతిహాసాన్నో, మహాకాల్పనిక నవలనో తెరకెక్కించిన ప్రతిసారీ అభిమానులకీ దర్శకులకీ మధ్య వచ్చే తగువంతా ఆ నాలుగు ముక్కల్లో ఉంది. మూలానికి విధేయత అంటే ఏది? కథా, మాటా, మనిషి స్థాయా? లండన్లో టోల్కీన్ అభిమాని అడిగేదీ ఇదే, మదురైలో తమిళ నవలాకారుడు కల్కి అభిమాని అడిగేదీ ఇదే. అయితే భిలాయిలో ఒక విశేషం ఉంది. ఈ తగువుని అక్కడి పల్లెలు ఎప్పుడో విచారించి, రెండు పక్షాలకీ పేర్లు పెట్టేశాయి.

దుర్గ్, భిలాయి చుట్టుపక్కల పండవానీ పాడతారు. మహాభారతాన్ని ఛత్తీస్‌గఢీలో ఒక్కరే కథగా చెప్పే కళ అది. నాయకుడు అర్జునుడు కాదు, భీముడు. అందులో రెండు శాఖలున్నాయి. మోకాళ్ళ మీద కూర్చుని, సబల్ సింగ్ చౌహాన్ 17వ శతాబ్దంలో రాసిన హిందీ భారతాన్ని దాటకుండా పాడేది వేదమతి. ఝాడూరామ్ దేవాంగన్, పూనారామ్ నిషాద్ ఈ దారివాళ్ళు. లేచి నిలబడి, వేదికంతా తిరుగుతూ, నోటికొచ్చిన కథని తనకి తోచినట్టు పెంచుకుంటూ పోయేది కాపాలిక్. దానికి ప్రపంచమంతా తెలిసిన పేరు తీజన్ బాయి. భిలాయికి దగ్గర్లోని గనియారీ ఆవిడ ఊరు. భిలాయి స్టీల్ ప్లాంటులోనే ఉద్యోగం చేశారు. 2019లో పద్మవిభూషణ్ అందుకున్నారు.

ఆవిడ కథ చెప్పడం చూసినవాళ్ళకి చేతిలోని తంబూరా సంగతి వేరే చెప్పక్కర్లేదు. నెమలి ఈకలు కట్టిన ఆ ఒక్క తంబూరాయే భుజాన వేస్తే భీముడి గద, ముందుకి చాస్తే అర్జునుడి విల్లు, అడ్డంగా పడుకోబెడితే దుశ్శాసనుడి చెయ్యి. ద్రౌపది జుట్టు చేతికి చిక్కిన క్షణంలో గొంతు ఒక్కసారి బొంగురు పోతుంది, కళ్ళు పెద్దవౌతాయి, అంతలో మామూలు పల్లెటూరి ఆడమనిషిలా నవ్వి పక్కనున్న మేళగాణ్ణి ఏదో ఎగతాళి చేస్తుంది. వ్యాసుడిలో లేనివి సగం ఉంటాయి. ఎదురుగా కూర్చున్న రైతుకి వ్యాసుడు గుర్తుకే రాడు.

పక్కనుండే ఆ మేళగాణ్ణే ‘రాగి’ అంటారు. నా దృష్టిలో పండవానీలో అసలు కీలకం అతనే. కథకుడు మాట ఆపినప్పుడల్లా ఇతను ‘హా’ అనాలి, ‘అయితే ఏమైంది?’ అని అడగాలి, నమ్మశక్యం కాకపోతే ‘నిజంగానా?’ అని నిలదీయాలి. మన బుర్రకథలో వంతలు చేసే పనే ఇది. అమ్మమ్మ కథ చెబుతూ మధ్యలో ఆగి “ఊ కొట్టవేం?” అని గద్దించేది ఇందుకే. మధిర సుబ్బన్న దీక్షితులు రాజమండ్రిలో కూర్చుని పన్నెండు భాగాలుగా రాసిన ‘కాశీమజిలీ కథలు’ నడిచేదంతా ఈ ఏర్పాటు మీదే. గోపకుర్రాడు మజిలీ దగ్గర ఏదో వింత చూసొస్తాడు, ఇదేమిటని అడుగుతాడు, మణిసిద్ధుడు కథ మొదలుపెడతాడు. అడిగేవాడు లేకపోతే ఆ పన్నెండు భాగాల్లో ఒక్క కథా పుట్టదు. వినేవాడికి వేదిక మీదే కుర్చీ వేసిన సంప్రదాయం మనది. సినిమా ఆ కుర్చీ తీసేసి, అతన్ని చీకట్లో కూర్చోబెట్టి, నోరు మూసుకుని చూడమంది. ఇవాళ అభిమానులు చేసే గోలలో చాలా భాగం ఆ కుర్చీ కోసమే.

తెలుగువాళ్ళు ఈ నేలకి వచ్చింది ఇనుము కోసం. 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో ఒప్పందం జరిగింది. 1959 ఫిబ్రవరి 4న మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ని రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి మనుషులు రైలెక్కి వచ్చి ఖుర్సీపార్‌లోనూ, క్యాంపుల్లోనూ, సెక్టార్ క్వార్టర్లలోనూ సర్దుకున్నారు. సెక్టార్ 5లో బాలాజీ మందిరం వెలిసింది. వాళ్ళతో పాటు వచ్చిన కథలు కాపాలిక్ కథలే. హరికథకుడు ఆదిభట్ల నారాయణదాసు తిరిగిన సీమ వాళ్ళది. కాలికి గజ్జె కట్టి, చిరతలు పట్టి నిలబడిన దాసుగారు పిట్టకథ ఎత్తుకుంటే రుక్మిణీ కల్యాణం గంటసేపు ఆగినా ఎవరూ లేచిపోరు.

వాళ్ళు వెంట తెచ్చుకున్న సినిమాలూ ఆ బాపతే. 1957లో వచ్చిన ‘మాయాబజార్’లో పాండవులు ఒక్క దృశ్యంలోనూ కనిపించరు. శశిరేఖ పెళ్ళి వ్యాసభారతంలో లేదు. అయినా భారతం మీద తీసిన సినిమాల్లో గొప్పది ఏదంటే తెలుగువాడు తడుముకోడు. 1951 నాటి ‘పాతాళభైరవి’లో పింగళి నాగేంద్రరావు కాశీమజిలీ కథ ఒకటి తీసుకుని, అల్లాదీన్ దీపం వెలుగు కొంత కలిపి, తోటరాముణ్ణీ నేపాళ మాంత్రికుణ్ణీ నిలబెట్టాడు. సుబ్బన్న దీక్షితులుగారికి అన్యాయం జరిగిందని వాపోయినవాణ్ణి నేనైతే చూళ్ళేదు. ఎస్వీ రంగారావు గడ్డం దువ్వుకుంటూ కళ్ళు చికిలించే తీరు చూశాక మూలం మాటెవరికి గుర్తుంటుంది! ఇక ఎన్టీ రామారావు 1961లో ‘సీతారామ కల్యాణం’ తీసి రావణుడి వేషం తనే వేసుకున్నాడు. 1977లో ‘దానవీరశూరకర్ణ’లో దుర్యోధనుడికి ఏకంగా యుగళగీతం పెట్టాడు. ఏ పురాణంలో ఉంది దుర్యోధనుడికి డ్యూయెట్టు? జనం ఈలలు వేశారు. కారణం కొండవీటి వెంకటకవి మాటలు. ఆ సినిమాలో దుర్యోధనుడు నోరు విప్పితే చక్రవర్తి మాట్లాడినట్టే ఉంటుంది.

బాబాయి చెప్పింది ఇదే. మన జనం కథ మారిస్తే క్షమిస్తారు. మనిషి స్థాయి దించితే క్షమించరు. ‘ఆదిపురుష్’ చేసిన తప్పు స్వేచ్ఛ తీసుకోవడం కాదు. 2022 అక్టోబరులో అయోధ్యలో టీజర్ విడుదల చేసినప్పుడే జనం పెదవి విరిచారు. దాంతో విడుదల జనవరి నుంచి జూన్‌కి జరిపి బొమ్మలు మెరుగుపరిచారు. అంటే ఫిర్యాదుని బొమ్మల మీద ఫిర్యాదు అనుకున్నారు. మాటల వైపు చూసినవాడు లేడు.

నవలాభిమానుల గోడు కాస్త వేరు. హిందీలో మొదటి పెద్ద అద్భుతగాథ దేవకీనందన్ ఖత్రీ రాసిన ‘చంద్రకాంత’. 1888 నాటిది. వేషాలు మార్చే ఐయారులు, మాయల తిలిస్మీ కోటలు. అది చదవడానికే చాలామంది హిందీ నేర్చుకున్నారని ప్రతీతి. 1994లో నీరజా గులేరీ దాన్ని దూరదర్శన్ సీరియల్ చేస్తే ఆదివారం పొద్దున్న వీధులు ఖాళీ అయ్యేవి. భిలాయిలో పుట్టిన తెలుగు పిల్లల తరానికి ‘చందమామ’ ఇంట్లో, ‘చంద్రకాంత’ టీవీలో. దాసరి సుబ్రహ్మణ్యం ‘తోకచుక్క’, ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గం’ చదివి, చిత్రా గీసిన రంగుల మాంత్రికుల్ని కలలో చూసిన పిల్లలకి క్రూర్‌సింగ్ కనుబొమ్మలు ఏం కొత్త? నవల చదివిన హిందీవాళ్ళు మాత్రం ఇది మా చంద్రకాంత కాదని నొచ్చుకున్నారు. సీరియల్లో క్రూర్‌సింగ్ నవలని మించి పెరిగిపోయాడన్నది నిజం. అఖిలేంద్ర మిశ్రా ఒక్క అరుపుతో నవలని జేబులో వేసుకున్నాడన్నదీ నిజమే. చదవకుండా చూసిన తెలుగు పిల్లలు అదృష్టవంతులు. పోలిక లేనిచోట నొప్పి లేదు.

అలాంటి అదృష్టమే ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ విషయంలోనూ దక్కింది. 1954, 55ల్లో వచ్చిన టోల్కీన్ నవల భిలాయి కుర్రాళ్ళలో ఎక్కువమందికి 2001 నుంచి 2003 దాకా వచ్చిన పీటర్ జాక్సన్ సినిమాల తరవాతే చేతికందింది. పుస్తకం ముందు చదివినవాళ్ళు టామ్ బాంబడిల్ ఏడీ అని అడిగారు. పాటలు పాడుతూ, ఉంగరం వేలికి పెట్టుకున్నా మాయం కాకుండా, కథకి ఏ అవసరమూ లేకుండా తిరిగే విచిత్రమైన పెద్దమనిషి. జాక్సన్ అతన్ని తీసేశాడు. ఫారమిర్‌ని బలహీనుణ్ణి చేశాడు. ఆర్వెన్‌ని పెంచాడు. యుద్ధం నుంచి తిరిగొచ్చిన హాబిట్లు సొంతూరు షైర్ పాడైపోయి ఉండడం చూసే చివరి ఘట్టాన్ని కత్తిరించాడు. రచయిత కొడుకు క్రిస్టఫర్ టోల్కీన్ 2012లో ఒక ఫ్రెంచి పత్రికతో మాట్లాడుతూ ఈ సినిమాల మీద తన బాధంతా వెళ్ళగక్కాడు. ఇంకోపక్క మూడో సినిమాకి 11 ఆస్కార్లు వచ్చాయి.

నా మటుకు నాకు జాక్సన్ మంచి కాపాలిక్ గాయకుడు. పుస్తకం అతని తలలో ఉంది, కాబట్టి పక్కన పెట్టగలిగాడు. 2012 నుంచి అదే మనిషి పిల్లల పుస్తకం ‘హాబిట్’ని మూడు సినిమాలు చేసి సాగదీశాడు. అక్కడ గాయకుడు అలసిపోయినా టిక్కెట్ల వాళ్ళు వేదిక దిగనివ్వలేదు.

ఒక్క విషయంలో మాత్రం భిలాయి ప్రేక్షకుడు టోల్కీన్‌కీ జాక్సన్‌కీ ఇద్దరికీ లొంగడు. ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’లో దుష్ట మాంత్రికుడు సారుమాన్ తన కోట ఐసెన్‌గార్డ్‌లో చెట్లు నరికించి, గోతులు తవ్వించి, కొలిమి రాజేస్తాడు. ఎర్రగా కరిగిన లోహం అచ్చుల్లోకి పారుతుంటే సంగీతం ఉరుముతుంది. ఇదే నరకం అని చూసేవాడికి చెప్పాలని దర్శకుడి తాపత్రయం. బర్మింగ్‌హామ్ శివార్లలో బాల్యం గడిపి, ఫ్యాక్టరీలు పల్లెని మింగడం చూసిన రచయితకి ఆ కోపం సహజం. కానీ రాత్రి స్లాగ్ పారబోసినప్పుడు ఆకాశం ఎర్రబడితే, అది చూసి నాన్న షిఫ్టులో ఉన్నాడని తెలుసుకున్న పిల్లలు ఈ ఊళ్ళో రెండు మూడు తరాలున్నారు. వాళ్ళకి ఆ వెలుగులో భయం లేదు, జీతం ఉంది. ఆ దృశ్యం వస్తే భిలాయి కుర్రాడు చూసేది రాక్షసుణ్ణి కాదు, హెల్మెట్ లేకుండా, సేఫ్టీ బూట్లు లేకుండా పనిచేస్తున్న అతని సైన్యపు ఓర్క్‌ల్ని. అయితే ఈ ప్లాంటు కిందా పల్లెలు పోయాయి, పొలాలు పోయాయి. టోల్కీన్ పక్షాన వాదించేవాళ్ళు ఆ పల్లెల వాళ్ళలో దొరుకుతారు.

ఈ నగరానికి పునాది వేసిన సోవియట్లకీ టోల్కీన్‌కీ ఉన్న చుట్టరికం చాలామందికి తెలీదు. 1991లో లెనిన్‌గ్రాడ్ టెలివిజన్ ‘ఖ్రనీతెలి’ పేరుతో మొదటి భాగాన్ని తీసి రెండు ముక్కలుగా ప్రసారం చేసింది. తరవాత అది అటకెక్కింది. 2021లో యూట్యూబులో పెడితే లోకమంతా విరగబడి చూసింది. వీధినాటకం సెట్టింగులు, అట్ట కిరీటాల్లాంటి సరంజామా, నవ్వొచ్చే ట్రిక్కులు. కానీ అందులో టామ్ బాంబడిల్ ఉన్నాడు! కోట్ల డాలర్ల సినిమాలో దొరకని మనిషి ఈ పేద టీవీ నాటకంలో గంతులేస్తుంటే అభిమానులు మురిసిపోయారు. విశాలాంధ్ర దుకాణాల్లో రష్యన్ జానపద కథలు కొని చదివిన తెలుగువాళ్ళకి ఆ నాటకంలో పాత స్నేహితుడి పోలికలు కనిపిస్తాయి. గ్రాఫిక్స్ బాలేవంతే అనే వాదన అక్కడ తేలిపోతుంది.

అభిమాని మాట ప్రతిసారీ నెగ్గాలని నేననను. ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ చూడండి. జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ మొదటి నవల 1996లో, అయిదోది 2011లో వచ్చాయి. ఆరోది రాకముందే సీరియల్ పుస్తకాల్ని దాటి పరిగెత్తింది. 2019 మేలో ముగింపు చూసి, ఎనిమిదో సీజన్ మళ్ళీ తీయమని పది లక్షలమందికి పైగా సంతకాలు పెట్టారు. ఎవరూ తీయలేదు, తీయాల్సిన పనీ లేదు. వాళ్ళ అసంతృప్తి మాత్రం న్యాయమైనదే. పుస్తకం ఉన్నంతకాలం ప్రతి మనిషీ చేసినదానికి ఫలితం అనుభవించాడు. పుస్తకం అయిపోయాక మనుషులు ముగింపు దగ్గరికి మోసుకెళ్ళాల్సిన సామానయ్యారు. జ్ఞాపకం చాలని చోట స్వేచ్ఛ తీసుకుంటే అంతే.

2022లో అమెజాన్ ‘రింగ్స్ ఆఫ్ పవర్’ వచ్చినప్పుడు నల్లజాతి నటులు ఎల్ఫులుగా, మరుగుజ్జులుగా కనిపించారని కొందరు అభిమానులు వాళ్ళని వ్యక్తిగతంగా దూషించారు. మూలానికి విధేయత అనే ముసుగు అది. ఈ ముసుగు భిలాయి చుట్టుపక్కల పల్లెలకి కొత్త కాదు. ఆడది కూర్చునే పాడాలి, నిలబడి కాపాలిక్ పాడితే ఒప్పుకోమని తీజన్ బాయిని సొంత కులంవాళ్ళే వెలివేశారు. వాళ్ళూ శ్రోతలే, వాళ్ళూ సంప్రదాయం పేరే చెప్పారు. రాగి ప్రశ్న అడగొచ్చు. తంబూరా లాక్కోకూడదు.

1988లో శ్యామ్ బెనెగల్ ‘భారత్ ఏక్ ఖోజ్’ తీస్తూ భారతం ఘట్టాలకి తీజన్ బాయి పండవానీనే వాడుకున్నాడు. అదే ఏడాది బి.ఆర్. చోప్రా ‘మహాభారత్’ మొదలైంది. నగలూ, దీపాలూ ఉన్న ఆ భారతం ఇంటింటికీ చేరింది. తంబూరా ఒక్కటే ఉన్న భారతాన్ని చూసినవాళ్ళు తక్కువ. నా ఓటు మాత్రం రెండోదానికే.

2024 జూన్ 27న ‘కల్కి 2898 ఏడీ’ వచ్చాక ఇదే గొడవ మళ్ళీ తలెత్తింది. నాగ్ అశ్విన్ ప్రభాస్‌ని కర్ణుడిగా చూపించాడు. కర్ణుడు గొప్పా, అర్జునుడు గొప్పా అని తెలుగు, హిందీ అభిమానులు నెలల తరబడి కొట్టుకున్నారు. అశ్వత్థామ మణి సంగతి మీద చోప్రా భారతంలో భీష్ముడి వేషం వేసిన ముఖేశ్ ఖన్నా అభ్యంతరం చెప్పాడు. వ్యాసుడి ప్రకారం అశ్వత్థామ మణిని ఇచ్చుకుంటాడు, దాన్ని ద్రౌపది చేతికి తెచ్చిచ్చేది భీముడు. భీముడే కథానాయకుడైన పండవానీ సీమలో ఆ సినిమా చూసి, మా భీముడి పని ఏం చేశారని అడిగితే నాగ్ అశ్విన్ జవాబు చెప్పుకోవాలి. కర్ణుడి అభిమానులకి ఇది పట్టదు. వాళ్ళు ఎన్టీఆర్ దగ్గరే కర్ణుణ్ణి ప్రేమించడం నేర్చుకున్నారు. మూలం అంటే వాళ్ళకి వ్యాసుడు కాడు, 1977. అభిమాని మూలం అనేది చాలాసార్లు తను చిన్నప్పుడు మొదట విన్న రూపమే. దాన్ని తప్పుపట్టలేం, దానితో వాదించి గెలవనూ లేం.

నితేశ్ తివారీ ‘రామాయణ’ మొదటి భాగం 2026 దీపావళికి, రెండోది 2027 దీపావళికి అని ప్రకటించారు. రణబీర్ కపూర్ రాముడు, సాయిపల్లవి సీత, యశ్ రావణుడు. చంద్‌ఖురి వాళ్ళు కౌసల్య పుట్టిల్లు చూపిస్తారా అని అడుగుతారు. తెలుగువాళ్ళు రావణుడికి సరిపడా మాటలు రాశారా అని అడుగుతారు. బాబాయి తెలుగు ఆట దొరికితేనే వస్తానంటున్నాడు. కొడుకు హిందీలోనే చూద్దామంటున్నాడు, పెదాలు కలవకపోతే రావణుడి మీద గౌరవం పోతుందట. పిన్ని మాత్రం టిక్కెట్టు ధర ఎంతో ముందు కనుక్కోమంది.